థీసిస్ తిప్పి పంపే ముందు: రీసెర్చ్ గైడ్లకు ఒక బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణ విశ్వవిద్యాలయాల్లోని గౌరవనీయులైన రీసెర్చ్ గైడ్లకు, డీన్లకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని. ఉండేది హన్మకొండలో. పన్నెండేళ్లుగా సాయంత్రం పూట మా ఇంటి వరండాలో కూర్చుని పీహెచ్‌డీ స్కాలర్ల థీసిస్‌లు చదివిపెడుతున్నాను. పైసలు తీసుకోను. ములుగు, భూపాలపల్లి, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి పిల్లలు చాప్టర్లు సంచిలో పెట్టుకొని బస్సెక్కి వస్తారు. దాదాపు అందరూ పదో తరగతి దాకా, చాలామంది డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే.

ఇప్పుడు చెప్పబోయే విషయం మీద రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి 'పరిశీలనలో ఉంది' అన్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను. ఏ విశ్వవిద్యాలయమో, ఏ గైడో ఇందులో రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు ఇది తమ సంగతి కాదనుకుంటారు.

విషయం ఇది. మన దగ్గర థీసిస్‌ల మీద ఎక్కువగా కనిపించే కామెంట్ 'వీక్ ఇంగ్లిష్'. ఆ రెండు మాటలతో చాప్టర్ వెనక్కి వస్తుంది, ఆరు నెలలు పోతాయి. నేను చదివిన చాప్టర్లలో చాలావాటికి అసలు జబ్బు ఇంగ్లిష్ కాదు. చదివేవాణ్ని చెయ్యి పట్టుకొని నడిపించే పద్ధతి ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. మన పిల్లలకు తెలుగు పద్ధతి వచ్చు. ఇంగ్లిష్ రీసెర్చ్ రాతకు ఇంకో పద్ధతి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పనిదానికి శిక్ష వేస్తున్నాం.

ఒక చాప్టర్ సంగతి చెబుతాను, వినండి.

జగిత్యాల జిల్లా అమ్మాయి. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఈ అమ్మాయి కూడా ఇంటర్ దాకా చాట ఒళ్లో పెట్టుకొని చుట్టింది. బీడీ కార్మికుల మీదే రీసెర్చ్ చేస్తోంది, ఐదో ఏడు. మూడో చాప్టర్ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మొదటి పేజీ పైన ఎర్ర ఇంకుతో 'ఇంగ్లిష్ చాలా వీక్, మొత్తం తిరగరాయాలి' అని ఉంది. చదివాను. గ్రామర్ తప్పులు ఉన్నాయి, లేవనను. పేజీకి నాలుగైదు. ఒక పూట కూర్చుంటే సర్దుకునేవే.

చాప్టర్ పోర్చుగీసులు మన దేశానికి పొగాకు తెచ్చిన సంగతితో మొదలైంది. తర్వాత బీడీ చుట్టే తునికాకు, ఆ ఆకు సేకరణ, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, జిల్లా భౌగోళిక పరిస్థితి. ముప్పై ఎనిమిదో పేజీలో, ఒక పేరా నడుమ, ఒక వాక్యం కనబడింది. ఇచ్చిన ఆకు వెయ్యి బీడీలకు సరిపోక ఆడవాళ్లు తమ పైసలతో బయట ఆకు కొని కలుపుతున్నారని, ఆ ఖర్చు తీసేస్తే చేతికి వచ్చే కూలి కాగితం మీది కూలి కన్నా తక్కువని. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆమె ఇంటింటికీ తిరిగి, ఆకు తూకం వేసి, లెక్కగట్టి పట్టుకున్న విషయం అది. థీసిస్ మొత్తానికీ ప్రాణం అదే. దాన్ని ముప్పై ఎనిమిదో పేజీలో ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను. "ముందే చెప్తె ఎట్ల సార్, అన్ని చెప్పినంక కదా అసలు మాట చెప్పాలె" అంది.

ఆ జవాబులో తప్పేమీ లేదు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా వానలు, పంటలు, చుట్టరికాలు అన్నీ అయ్యాకే అసలు మాట ఎత్తుతారు. గుమ్మంలో అడుగుపెడుతూనే అడిగితే అది మొరటుతనం. ఇంగ్లిష్ జర్నల్ చదివేవాడు మాత్రం అసలు మాట మొదటి పేజీలోనే వెతుకుతాడు. అక్కడ కనబడకపోతే ఈమెకు చెప్పడానికి ఏమీ లేదనుకుంటాడు.

ఇంకో పేజీలో 'వుయ్' అనే మాటకు సున్నా చుట్టి, 'ఈ వుయ్ ఎవరు?' అని పక్కన రాశారు గైడ్. అడగవలసిన ప్రశ్నే. కానీ దాని జవాబు తెలుగులో ఉంది. మనకు మనం, మేము అని రెండు మాటలున్నాయి. వినేవాణ్ని కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. చిన్నపిల్లలు కూడా ఇందులో పొరపాటు పడరు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. ఆమె ఒకే పేజీలో 'వుయ్' మూడుసార్లు వాడింది. మొదటిది మేము, బీడీలు చుట్టే ఇళ్లవాళ్లం. రెండోది మనం, పై టేబుల్‌ను కలిసి చూసిన నేనూ మీరూ. మూడోది పెద్దరికం కోసం నేను బదులు రాసిన మేము. ఆమె మనసులో మూడూ వేరువేరుగా, స్పష్టంగా ఉన్నాయి. కాగితం మీదికి వచ్చేసరికి ఒకటైపోయాయి. ఈ మాట చెబుతూ మేము, మనం అని ఒక కాగితం మీద రాసి చూపించాను. చాప్టర్ మొత్తంలో ఉన్న 'వుయ్'లన్నీ ఆ సాయంత్రమే తానే సరిచేసుకుంది.

అలాంటిదే ఇంకొకటి. ఠేకేదారు, అంటే చుట్టిన బీడీలు తీసుకునే కాంట్రాక్టరు, బాగా లేవని చెప్పి కట్టల్లోంచి బీడీలు తీసేసి, వాటికి కూలి కట్టడట. ఇది ఆడవాళ్లు ఆమెతో చెప్పిన మాట. తెలుగులో చివరన 'ట' అంటే చాలు, ఇది నేను చూసింది కాదు, విన్నది అని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడు ఆ 'ట' జారిపోయింది, విన్న మాట కన్న మాట అయింది. 'సాక్ష్యం ఎక్కడ?' అని పక్కన రాశారు. సాక్ష్యం ఆమె దగ్గర ఉంది. ఏ ఊళ్లో, ఎంతమంది, ఏ నెలలో చెప్పారో నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క అక్షరం చేసే పనికి ఒక వాక్యమే పెట్టాలని ఆమెకు తెలియదు, అంతే.

ఇవి నేను వరండాలో కూర్చుని కనిపెట్టిన సంగతులు కావు. దీని మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. 1966లో రాబర్ట్ కాప్లాన్ అనే అమెరికన్ భాషావేత్త ఒక్కో భాష వాళ్ల పేరాగ్రాఫ్ ఒక్కో ఆకారంలో నడుస్తుందని బొమ్మలు గీసి చూపించాడు. ఇంగ్లిష్‌ది తిన్నని గీత, ఆసియా భాషలది చుట్లు తిరిగే గీత. ఇంగ్లిష్‌ను కొలబద్ద చేశాడని చాలామంది తప్పుపట్టారు, తర్వాత ఆయన కూడా తన మాటను సవరించుకున్నాడు. 1987లో జాన్ హైండ్స్ దాన్ని ఇంకోలా చెప్పాడు. ఇంగ్లిష్‌లో అర్థమయ్యేలా చెప్పే బాధ్యత రాసేవాడిది, జపనీస్‌లో అర్థం చేసుకునే బాధ్యత ఎక్కువగా చదివేవాడిది అని. ఈ మాట చదివినప్పుడు మన పిల్లల చాప్టర్లే నా కళ్లముందు మెదిలాయి. మనం కూడా చదివేవాడు తెలివైనవాడని నమ్మి కొంత వదిలేస్తాం.

యూరప్‌లో కూడా ఇదే కథ. 1993లో అన్నా మౌరానెన్ ఫిన్లాండ్ ఆర్థికవేత్తల రాతలను ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల రాతలతో పోల్చి చూసింది. 'ఇప్పుడు ఇది చెబుతాను, ఇంతకుముందు అది చెప్పాను' అనే దారి మాటలు ఫిన్లాండ్ వాళ్లు తక్కువగా వాడారు. వాళ్లు చదువురానివాళ్లు కాదు, పేరున్న ఆర్థికవేత్తలు. ఆ తర్వాత కెన్ హైలాండ్ ఎనిమిది సబ్జెక్టుల్లోంచి 240 పరిశోధన వ్యాసాలు తీసుకొని, రాసేవాళ్లు తమ మాట ఎంత గట్టిగా చెబుతున్నారు, చదివేవాళ్లను ఎక్కడ కలుపుకుంటున్నారు అని లెక్కపెట్టి, 2005లో ప్రచురించాడు. సబ్జెక్టు మారితే ఆ తీరు కూడా మారిందని తేలింది. సోషియాలజీవాళ్లు చదివేవాడితో మాట్లాడినంతగా ఫిజిక్స్‌వాళ్లు మాట్లాడరు. అంటే ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లు కూడా ఈ పద్ధతిని తమ సబ్జెక్టులో నేర్చుకోవలసిందే. మన పిల్లలు మాత్రం ఎవరూ నేర్పకుండానే రాసేయాలని చూస్తున్నాం.

కథ చెప్పేటప్పుడు ఊ కొట్టేవాడు కావాలంటాం. ఒగ్గుకథలో కూడా వంతపాడేవాళ్లు పక్కనుండి అందుకుంటూ కథను ముందుకు నడిపిస్తారు. కాగితం మీద రాసేవాడికి ఎదురుగా ఎవరూ ఉండరు. చదివేవాడు ఎక్కడ 'ఊ' అంటాడో, ఎక్కడ 'ఎందుకని?' అంటాడో రాసేవాడే ఊహించుకొని అక్కడ మాట అందించాలి. 'ఈ టేబుల్ ఎందుకిచ్చానంటే', 'దీన్నిబట్టి తేలేది ఏమంటే', 'ఇక్కడ ఒక అనుమానం రావచ్చు' లాంటి మాటలు చేసే పని అదే. మన పాత శాస్త్ర గ్రంథాల వ్యాఖ్యానాల్లో పూర్వపక్షం అని ముందు ఎదుటివాడి అనుమానం చెప్పి, తర్వాత జవాబు చెప్పేవాళ్లు. మనకు ఈ విద్య కొత్తది కాదు. దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా చేయాలో చూపించేవాళ్లు లేరు.

ఇలా వదిలేయడంవల్ల జరుగుతున్న నష్టాలు ఇవి.

1. ఏళ్లు పోతున్నాయి. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. ఒక్కో 'వీక్ ఇంగ్లిష్' కామెంట్ ఆ లెక్కలోంచి ఒక సెమిస్టర్‌ను తినేస్తుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్లకు కూడా ఆ ఫెలోషిప్ ఐదేళ్లే. ఫెలోషిప్ లేనివాళ్లు ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు చెప్పుకుంటూ, రాత్రుళ్లు కూర్చుని రాస్తున్నారు. ఆడపిల్లలైతే ఇంట్లో 'ఇంకెన్నాళ్లు?' అన్న మాట రోజూ పడాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ముగ్గురు అమ్మాయిలు నాలుగైదు చాప్టర్లు రాసి కూడా వదిలేశారు. వాళ్ల రాతలో పనికిరానిది ఏమీ లేదు. ఆ చాప్టర్లు ఇంకా నా బీరువాలో ఉన్నాయి.

2. భయంతో కాపీ కొడుతున్నారు. తన సొంత వాక్యానికి ఎర్ర ఇంకు పడితే, ఎవరో రాసిన వాక్యం క్షేమమనిపిస్తుంది. అచ్చయిన థీసిస్‌లోంచి పేరాలు ఎత్తుకొస్తారు. అప్పుడు సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో కలిసే శాతం, పెరుగుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 40 దాటితే సవరించిన థీసిస్ ఇవ్వడానికి ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాపీ కొట్టడం తప్పే, దాన్ని నేను వెనకేసుకురావడం లేదు. కానీ వాళ్లను ఆ తప్పు వైపు నెట్టింది ఏమిటో కూడా చూడాలి.

3. పైసలు పోతున్నాయి. చాప్టర్‌కు ఇంత అని రేటు మాట్లాడుకొని రాసిపెట్టేవాళ్లు పుట్టుకొచ్చారు. అప్పు తెచ్చి ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, ఒక్క ప్రశ్న అడిగితే తన చాప్టర్ గురించి తానే చెప్పలేక నిలబడిపోయిన అబ్బాయి కూడా తెలుసు.

4. మెషిన్ రాసిందన్న అనుమానం. రెండేళ్లుగా ఇది కొత్త బాధ. మా వరండాలో నా కళ్లముందు, డిక్షనరీ పక్కన పెట్టుకొని రాసిన పేజీలను సాఫ్ట్‌వేర్ 'ఏఐ రాసింది' అంది. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలా ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్లు, అంటే డిటెక్టర్లు, ఏడింటిని పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలు వాటికి ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను మెషిన్ రాసినవేనని తప్పుగా తేల్చాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు తప్పు చేయలేదు. కారణం ఏమంటే, భాష నేర్చుకొని రాసేవాళ్లు తెలిసిన కొద్ది మాటలతో, తెలిసిన వాక్యాలతో జాగ్రత్తగా రాస్తారు. తర్వాత వచ్చే మాటను సులువుగా ఊహించవచ్చు. డిటెక్టర్లు పట్టుకునేది దాన్నే. ఒళ్లు దగ్గర పెట్టుకొని రాసినందుకు దొంగ అనిపించుకుంటున్నారు.

5. ఊరికి అందాల్సిన విషయం అందడం లేదు. బీడీల చాప్టర్‌లోని ఆ వాక్యం మొదటి పేజీలో ఉంటే లేబర్ ఆఫీసు వాళ్లు చదివేవాళ్లేమో, యూనియన్ వాళ్లు కూలి మాట్లాడేటప్పుడు చేతిలో పెట్టుకునేవాళ్లేమో. మా దగ్గరికి వచ్చే థీసిస్‌లు చెరువుల మత్తడుల గురించి, వరంగల్ కొత్తవాడ జంపఖానాల మగ్గాల గురించి, సింగరేణి గనుల పక్క ఊళ్ల గురించి. ఈ సంగతులు బయటివాళ్లెవరూ వచ్చి రాయరు. రాయగలిగిన పిల్లలే మధ్యలో ఆగిపోతున్నారు.

కొందరు పెద్దలు నాతో అన్నారు, ఇప్పుడు సర్కారు బడుల్లో కూడా ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, ఇదంతా దానంతట అదే పోతుంది అని. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మొదలైన మాట నిజమే. ఆ పిల్లలు పీహెచ్‌డీ దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. వచ్చినా, స్కూల్లో నేర్చిన ఇంగ్లిష్‌తో రీసెర్చ్ రాత రాదు. ఇంతకాలం పాఠాలు చెప్పినవాణ్ని, ఇది గట్టిగా చెప్పగలను.

అందుకని మిమ్మల్ని కోరేవి ఇవి.

1. ప్రీ-పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో దీన్ని నేర్పండి. కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఎలాగూ ఉంది. అందులో రెండు క్రెడిట్ల రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. కాపీ ఎందుకు కొట్టకూడదో అందులో చెబుతాం. కాపీ కొట్టకుండా రాయడం ఎలాగో ఎక్కడా చెప్పం. కొత్త క్రెడిట్లు అక్కర్లేదు. రీసెర్చ్ మెథడాలజీ పేపర్లో పది గంటలు చాలు. ఆ పది గంటలూ తెలుగు వ్యాసం, ఇంగ్లిష్ వ్యాసం పక్కపక్కన పెట్టి చెప్పాలి. మనం, మేము, 'ట', 'చెప్పవచ్చు', 'నిస్సందేహంగా' వంటివి ఇంగ్లిష్‌లో ఏమవుతాయో చేయించాలి. 'చెప్పవచ్చు' మనకు వినయం. దాన్ని ప్రతి వాక్యంలో ఇంగ్లిష్‌లోకి దించితే ఈమెకు తన మాట మీద తనకే నమ్మకం లేదనిపిస్తుంది. 'నిస్సందేహంగా' మనకు మాట ఊపు. ఇంగ్లిష్‌లో అది చదివినవాడు రుజువు అడుగుతాడు. ఒకే చాప్టర్ మీద ఒక గైడ్ 'పిరికిగా ఉంది' అని, ఇంకో గైడ్ 'అతిగా ఉంది' అని రాయడం చూశాను. ఇద్దరూ చూసింది ఈ రెండు మాటలనే.

2. 'వీక్ ఇంగ్లిష్' అని రాయడం మానండి. గ్రామర్ తప్పయితే గ్రామర్ అనండి. అసలు మాట ఆలస్యంగా వస్తే ఏ పేజీలో ఉండాలో చెప్పండి. ఎవరు చెప్పారో తెలియకపోతే ఆ వాక్యం కింద గీత గీయండి. మీలో కొందరి మీద ఎనిమిది మంది దాకా స్కాలర్ల భారం ఉందని, ఖాళీ పోస్టుల వల్ల క్లాసుల భారం కూడా మీదేనని నాకు తెలుసు. అయినా, ఒక చాప్టర్‌కు నాలుగు చోట్ల ఇలా రాసినా చాలు, మిగతాది పిల్లలే చేసుకుంటారు.

3. డిటెక్టర్ రిపోర్టు ఒక్కదాన్ని పట్టుకొని ఏ స్కాలర్ మీదా చర్య తీసుకోవద్దు. అనుమానం వస్తే పిలిచి కూర్చోబెట్టి ఆ చాప్టర్ గురించి అరగంట మాట్లాడండి. ముందటి డ్రాఫ్టులు, ఫీల్డ్ నోట్‌బుక్ చూపించమనండి. తాను రాసినవాళ్లు చెప్పగలుగుతారు.

4. సిమిలారిటీ లెక్కలో వదిలేయమని 2018 నిబంధనలు చెప్పినవాటిని నిజంగా వదిలేయండి. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చెప్పి ఉటంకించిన భాగం, అందరూ వాడే మాటలు లెక్కలోకి రాకూడదు. వరుసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిసినవాటి గురించి కూడా అందులో ఉంది. 'ఈ అధ్యాయం మూడు భాగాలుగా ఉంది' అన్నట్టి దారి మాటలకే శాతం పెరిగిందని తీసేయించిన సందర్భాలు చూశాను. నేర్పాల్సిన మాటలనే తుడిపిస్తే ఎలా?

5. చరిత్ర, సోషియాలజీ, ఎకనామిక్స్, రాజనీతిశాస్త్రాల్లో థీసిస్‌ను తెలుగులో రాసే అవకాశం ఇవ్వండి. తోడుగా ముప్పై, నలభై పేజీల ఇంగ్లిష్ సారాంశం అడగండి. కోర్సు ఇంగ్లిష్ మీడియమైనా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది, పుస్తకాలు తర్జుమా చేయించి పెద్ద చదువులు చెప్పింది. ఈ నేల మీద జరిగిన పనే ఇది. తెలుగులో రాసేవాళ్లు కూడా అసలు మాట ముందు చెప్పడం నేర్చుకోవాలి, అది వేరే సంగతి. తమ భాషలో నేర్చుకోవడం తేలిక.

వీటిలో మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదు, పైనుంచి అనుమతులు కూడా అక్కర్లేదు. వచ్చే అకడమిక్ ఇయర్ కోర్స్‌వర్క్ మొదలయ్యేలోపు చేయవచ్చు.

మీరు పిలిస్తే వస్తాను. పేర్లు తీసేసిన మూడు చాప్టర్లు తెస్తాను. ఒక్కోటి రెండు రూపాల్లో ఉంటుంది, ఎర్ర ఇంకుతో వెనక్కి వచ్చినప్పటిదీ, మేము కలిసి కూర్చుని సర్దిన తర్వాతిదీ. రెంటిలోనూ ఇంగ్లిష్ మాటలు దాదాపు అవే. వాటి వరుస, మధ్యలో వేసిన దారి మాటలు మాత్రం మారాయి. ఒక గంట టైమ్ ఇస్తే పక్కపక్కన పెట్టి చూపిస్తాను. బీడీల చాప్టర్‌లోని ఆ వాక్యం ఇప్పుడు మొదటి పేజీలో, రెండో పేరాలో ఉంది. ఆ అమ్మాయికి గడువు ఇంకా పదకొండు నెలలే. ఈసారైనా ఒక నెలలోపు జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

భవదీయుడు,
రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్,
హన్మకొండ